చెప్పులు ఎక్కడ విప్పాలి? తల ఎక్కడ వంచాలి?
థాయిలాండ్ వెళ్ళే ధమ్మమిత్రులతో నాలుగు మాటలు



విజయవాడలో ఒక ఆదివారం బుద్ధవందన అయిపోయాక చాపలు చుడుతూ మాట్లాడుకుంటున్నాం. మనవాళ్ళు కొందరు థాయిలాండ్ యాత్రకు సిద్ధమవుతున్నారు. అక్కడి విహారాల్లో ఎలా మెలగాలో ఒక పెద్దాయన చెబుతున్నారు. చెప్పులు బయటే విప్పాలి. బుద్ధుడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని మూడుసార్లు నుదురు నేలకు ఆనించాలి. భిక్షువు ఎదురైతే పక్కకు తప్పుకుని దారివ్వాలి. ఇంతలో గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు, చదువుకున్నవాడు, లేచి అడిగాడు.

"మా తాత పెద్దోళ్ళ వీధిలోంచి పోవాలంటే చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడంట. తలగుడ్డ తీసి నడుముకు చుట్టుకునేవాడంట. అవన్నీ వదిలించుకోడానికే కదా మనం బాబాసాహెబ్ వెంట బుద్ధుడి దగ్గరకొచ్చింది? ఇప్పుడు పరాయి దేశం పోయి మళ్ళీ చెప్పులు విప్పు, వంగు, పక్కకు తప్పుకో అంటారేంటి?"

ఎవరూ వెంటనే జవాబు చెప్పలేకపోయారు. నవ్వి తోసెయ్యాల్సిన ప్రశ్న కాదది. "అక్కడి ఆచారం అది, పాటించాలంతే" అంటే సరిపోదు. ఆచారం అన్న ఒక్క మాటతోనే గదా తాతగారి చేత చెప్పులు విప్పించింది! అందుకే ఆ ప్రశ్నను మీ ముందు పెట్టి, మనిద్దరం కలిసి ఆలోచిద్దామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ముందు ఆ పద్ధతులేంటో చూద్దాం

థాయ్ ప్రజలు ఒకరినొకరు పలకరించుకునేటప్పుడు రెండు చేతులూ జోడించి తల కొద్దిగా వంచుతారు. దాన్ని 'వై' అంటారు. మన నమస్కారమే. పలకరింపు మాట 'సవద్దీ'. అది మన 'స్వస్తి' నుంచి వచ్చిందే. మగవాళ్ళు దాని చివర 'ఖ్రాప్' అనీ, ఆడవాళ్ళు 'ఖా' అనీ కలుపుతారు, మనం 'అండీ' చేర్చినట్టు. చిన్నవాళ్ళు ముందు చేతులు జోడిస్తే పెద్దవాళ్ళు బదులిస్తారు. ఎదుటివారు ఎంత పూజ్యులైతే జోడించిన చేతులు అంత పైకి వెళ్తాయి. భిక్షువులకు, బుద్ధ ప్రతిమకు చేసేటప్పుడు బొటనవేళ్ళు కనుబొమల దాకా వస్తాయి. భిక్షువు గృహస్థుకు తిరిగి నమస్కరించరు. అది పొగరు కాదు. మీరు మొక్కింది ఆయన కాషాయానికి గాని ఆయనకు కాదని అక్కడివాళ్ళ అవగాహన.

శరీరంలో తల అన్నిటికన్నా ఉన్నతం, పాదం అన్నిటికన్నా తక్కువ అని వాళ్ళు భావిస్తారు. ఎంత ముద్దొచ్చినా పరాయి పిల్లల తల నిమరరు. కాలితో దేన్నీ చూపించరు, కూర్చున్న మనిషిని దాటిపోరు. బుద్ధుడి ముందు కాళ్ళు చాపరు, మడమలు వెనక్కి పెట్టి ఒక పక్కకు మడుచుకుంటారు. విహారం గడప తొక్కకుండా దాటుతారు. భుజాలూ మోకాళ్ళూ కప్పే బట్టలు వేసుకుంటారు. బ్యాంకాక్‌లో మరకత బుద్ధుడున్న వాట్ ఫ్రా కేవ్‌లో ఈ బట్టల నియమం బాగా గట్టిగా అమలవుతుంది.

ఇవి చదువుతుంటే మీకు కొత్తగా ఏమైనా అనిపించిందా? మన ఇళ్ళల్లోనూ గడప మీద నిలబడనివ్వరు. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం. పడుకున్న పిల్లాణ్ణి దాటితే "ఎదగడు, మళ్ళీ వెనక్కి దాటు" అని అమ్మమ్మ కేకలేస్తుంది. ఎడమ చేత్తో ఇస్తే "కుడిచేత్తో ఇవ్వరా" అంటారు. కృష్ణా డెల్టాలో పుట్టినవాడికి థాయ్ మర్యాద సగం పాలతోనే వచ్చింది.

తెలియని సగం కూడా చెప్పుకుందాం. స్త్రీలు భిక్షువును తాకకూడదు, చేతికి చెయ్యి తగిలేలా ఏమీ ఇవ్వకూడదు. ఏదైనా సమర్పిస్తే భంతేగారు ఒక గుడ్డ పరుస్తారు, దానిమీద పెట్టాలి. భిక్షువులు మధ్యాహ్నం దాటాక భోంచెయ్యరు, కాబట్టి సాయంత్రం పూట అన్నం పెడతామని బలవంతం చెయ్యకూడదు. బస్సుల్లో, రైళ్ళలో వాళ్ళకు వేరే సీట్లుంటాయి. తెల్లవారుజామున భిక్షకు వచ్చినప్పుడు వాళ్ళు చెప్పుల్లేకుండా వస్తారు, వడ్డించేవాళ్ళూ చెప్పులు విప్పి వడ్డిస్తారు. ఉదయం ఎనిమిదికీ సాయంత్రం ఆరింటికీ జాతీయగీతం వినిపిస్తే రైల్వే స్టేషన్లో జనం కూడా ఉన్నచోటే ఆగిపోతారు. రాజకుటుంబాన్ని కించపరిస్తే ఒక్కో నేరానికి మూడు నుంచి పదిహేనేళ్ళ జైలు. సరదా మాట కూడా నోరు జారకండి.

ఇంకొకటి. నలుగురిలో గొంతు పెంచి కోప్పడటం అక్కడ పెద్ద అవమానం. అవమానపడేది తిట్లు తిన్నవాడు కాదు, తిట్టినవాడు. ఈ సంగతి మనకు పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్ దగ్గర ఆటో బేరం ఆడేటప్పుడు కూడా పనికొస్తుంది.

బుద్ధుడి తల ఎవరిది?

అయోధ్య అని మనం పలికే ఊరి పేరే వాళ్ళకు అయుత్తయ. 1767లో బర్మా సైన్యం ధ్వంసం చేసిన పాత రాజధాని. అక్కడి వాట్ మహాథాట్‌లో ఒక చెట్టు వేళ్ళ మధ్య చిక్కుకున్న బుద్ధుడి శిరస్సు ఒకటుంది. ఫొటో తీసుకునేవాళ్ళు కింద కూర్చుని తీసుకోవాలని అక్కడ బోర్డు పెట్టారు. మీ తల ఆయన తల కంటే ఎత్తులో ఉండకూడదని. మొండెం లేదు, విహారం కూలిపోయింది, అయినా ఆ శిరస్సు వాళ్ళ దృష్టిలో రాయి కాదు.

థాయ్ భాషలో బుద్ధ ప్రతిమను "కొన్నాను" అనరు. "అద్దెకు తెచ్చుకున్నాను" అనే అర్థం వచ్చే మాట వాడతారు. డబ్బిచ్చి తెచ్చుకున్నా సొంతదారుణ్ణి అనుకోకూడదని. మనం దీపం ఆరిపోయింది అనం, కొండెక్కింది అంటాం. బియ్యం అయిపోయాయి అనం, నిండుకున్నాయి అంటాం. ఆ మనసే ఇదీ. ప్రతిమలను దేశం బయటకు తీసుకెళ్ళాలంటే వాళ్ళ లలిత కళల శాఖ అనుమతి కావాలి. బుద్ధుడు అలంకరణ వస్తువు కాదని బ్యాంకాక్‌లో పెద్ద పెద్ద హోర్డింగులే పెట్టారు.

ఇప్పుడు మన ఊళ్ళోకి రండి. హోటల్ రిసెప్షన్‌లో, అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన, నీళ్ళు కారే ఫౌంటెన్ మీద బుద్ధుడి తల. ఒక్క తలే. మెడ కింద ఏమీ ఉండదు. అది మన కళ్ళకు అందంగానే కనిపిస్తుంది. గుళ్ళు దోచి, విగ్రహాల తలలు నరికి అమ్ముకున్న చరిత్ర తెలిసిన థాయ్ ఉపాసకురాలికి అది ఎలా కనిపిస్తుందో ఒక్కసారి ఊహించండి.

అంతకుముందు మనం చేసింది ఇంకా ఘోరం. అమరావతి మహాచైత్యాన్ని మనవాళ్ళు దీపాలదిన్నె అన్నారు. ఆ పేరైనా బాగుంది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త ఊరు కట్టుకుంటూ ఆ దిన్నెను రాళ్ళ కోసం తవ్వించాడు. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూసేనాటికే చాలా పోయింది. మిగిలిన శిల్పాల్లో ఎక్కువ భాగం ఇవాళ చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. భట్టిప్రోలు స్తూపం ఇటుకలు రోడ్డు పనులకు పోయాయి. 1892లో అలెగ్జాండర్ రే తవ్వినప్పుడు ధాతువుల కరండాలు దొరికింది ఆ మిగిలిన దాంట్లోనే. భట్టిప్రోలులోనూ గుడివాడలోనూ బౌద్ధ దిబ్బలకు జనం పెట్టిన పేరు లంజదిబ్బ. ఆ పేరు పలకడానికి మనకు సిగ్గనిపించాలి గాని దాచకూడదు. అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ మీద కనుమ నాడు రాక్షసుడని రాళ్ళు రువ్వే ఆచారం మొన్నమొన్నటి దాకా నడిచింది. చారిత్రక కట్టడాల మీద ప్రేమ ఉన్నవాళ్ళు పూనుకుని ఆపించాల్సి వచ్చింది.

కాబట్టి థాయిలాండ్‌లో మనకు మర్యాద చెప్పేవాళ్ళను చూసి చిరాకు పడేముందు, ఏ నేల నుంచి వెళ్తున్నామో గుర్తుంచుకోవాలి.

మొక్కితే పుణ్యమా?

"బుద్ధుడు దేవుడు కాదు కదా, ప్రతిమకు మొక్కితే ఏమొస్తుంది?" అని మనలో హేతువాద మిత్రులు అడుగుతారు. సరైన ప్రశ్నే. ఆచారాలూ వ్రతాలే విముక్తినిస్తాయని వాటిని పట్టుకుని వేలాడటాన్ని బుద్ధుడు ఒక సంకెల అన్నాడు. పాళీలో దాని పేరు సీలబ్బత పరామాసం. సోతాపన్నుడు తెంచుకునే మూడు సంకెళ్ళలో అదొకటి. పరినిర్వాణ సమయంలో సాల వృక్షాలు పూలు రాల్చినప్పుడు కూడా, తథాగతుడికి నిజమైన పూజ ఇది కాదు, ధమ్మాన్ని ఆచరించడమే అని ఆనందుడితో చెప్పాడు.

అయితే అదే బుద్ధుడు ఇంకో సంగతీ చూపించాడు. వినయ పిటకంలో చుల్లవగ్గలో ఒక చిన్న కథ ఉంది. ఒకసారి ధమ్మం చెబుతూ బుద్ధుడు తుమ్మాడు. భిక్షువులంతా "చిరంజీవులు కండి" అని గోల చేశారు. ప్రసంగం ఆగిపోయింది. అలా అన్నందువల్ల ఎవరైనా బతుకుతారా, అనకపోతే చచ్చిపోతారా అని ఆయన అడిగాడు. లేదన్నారు. అయితే అనకండి అన్నాడు. మూఢనమ్మకం అక్కడికి తెగింది. కథ మాత్రం అక్కడ ఆగలేదు. తర్వాత భిక్షువులు తుమ్మినప్పుడు ఊరి జనం "చిరంజీవ" అంటే, వీళ్ళు మాట్లాడకుండా ఊరుకున్నారు. జనం నొచ్చుకున్నారు. సంగతి బుద్ధుడి దాకా వచ్చింది. గృహస్థులకు శుభం పలకడం మీద ఇష్టం, వాళ్ళు అలా అంటే మీరూ "చిరకాలం జీవించండి" అని బదులు చెప్పండి అని ఆయన అనుమతించాడు.

మన ఇళ్ళల్లో పిల్లలు తుమ్మితే ఇవాళ్టికీ "చిరంజీవ, నూరేళ్ళు" అంటాం. ఆ మాటకు ఆయుష్షు పెంచే శక్తి లేదు. ఎదుటివాళ్ళ ప్రేమ మాత్రం అందులో ఉంది. నమ్మకాన్ని వదిలేస్తూ, మనిషిని మాత్రం వదలకుండా ఉండటం ఎలాగో బుద్ధుడు ఒకే కథలో రెండు వైపుల నుంచీ చూపించాడు.

సిగాలుడి సంగతీ ఇంతే. తడిబట్టలతో ఆరు దిక్కులకూ మొక్కుతున్న కుర్రాణ్ణి చూసి బుద్ధుడు ఎగతాళి చెయ్యలేదు. ఆరు దిక్కులంటే ఎవరో చెప్పాడు. తూర్పు తల్లిదండ్రులు, దక్షిణం గురువులు, పడమర భార్యాబిడ్డలు, ఉత్తరం స్నేహితులు, కింది దిక్కు పనివాళ్ళు, పై దిక్కు శ్రమణులు. మొక్కు మొక్కుగానే ఉంది, దానికి అర్థం వచ్చింది.

పరదేశం వెళ్ళేవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాల్సిన సుత్తం ఇంకొకటి, మజ్ఝిమ నికాయంలోని అరణ విభంగ సుత్తం. ఒకే పాత్రను ఒక్కో జనపదంలో ఒక్కో పేరుతో పిలుస్తారు, నా ఊరి పేరే నిజం, మిగతావన్నీ తప్పు అని పట్టుబట్టకండి అంటాడు. ఏ ఊరు వెళ్తే ఆ ఊరి మాట వాడండి అంటాడు. అన్నం తినేదాన్ని మనం కంచం అంటాం, తెలంగాణలో తలె అంటారు. దానికోసం కొట్టుకుంటే అన్నం చల్లారుతుంది. చేతులు జోడించే ఎత్తూ, కాళ్ళు మడిచే తీరూ అలాంటివే.

ఇప్పుడు అసలు ప్రశ్న: తాతగారి చెప్పులు

ఇంతవరకూ తేలిగ్గానే వచ్చాం. ఆ తమ్ముడి ప్రశ్నకు మాత్రం ఇది జవాబు కాదు. ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారని వంగాలంటే, తాతగారు చెప్పులేసుకుని నడిచినా పెద్ద వీధివాళ్ళు నొచ్చుకునేవాళ్ళే కదా?

మన డెల్టాలో పాదం ఎంత దూరం తీసుకెళ్ళిందో మరిచిపోలేం. తెనాలి దగ్గర చుండూరులో, సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ఇంకొకరికి తగిలిందన్న గొడవ మొదలైంది. అది వెలిగా, పోలీసు పహారాగా పెరిగి, 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల హత్యతో ఆగింది. కాలు తగిలితే థాయిలాండ్‌లోనూ తప్పే. చేతులు జోడించి క్షమించమంటారు, ఎదుటివాళ్ళు నవ్వి తలూపుతారు. అక్కడితో అయిపోతుంది. రెండు చోట్లా పాదం తక్కువే. తేడా పాదంలో లేదు.

మరి ఎక్కడుంది? మూడు ప్రశ్నలు వేసి చూద్దాం.

ఒకటి, ఈ నియమం అందరికీ ఒకటేనా? విహారం గడప దగ్గర థాయ్ మంత్రీ చెప్పులు విప్పుతాడు, చేపలమ్మే ఆవిడా విప్పుతుంది. తాతగారి వీధిలో ఆ వీధివాళ్ళు విప్పలేదు.

రెండు, ఇది పుట్టుకను బట్టి వచ్చిందా? అక్కడ పేద రైతు కొడుకు కాషాయం కట్టుకుంటే ధనవంతుడు మొక్కుతాడు. కాషాయం విడిచి ఇంటికొస్తే అతనే తిరిగి అందరికీ మొక్కుతాడు. మన ఊళ్ళో మొక్కించుకోవడం ఒక కులానికి పుట్టుకతో వచ్చేది, చచ్చేదాకా పోయేది కాదు.

మూడు, ఈ వంగడం ఎవరిని తగ్గిస్తోంది? నాలోని అహంకారాన్నా, ఎదుటివాడి మనిషితనాన్నా?

బుద్ధుడే ఈ మూడో ప్రశ్నకు దారి వేశాడు. శాక్య రాజకుమారులు అనురుద్ధుడు, భద్దియుడు, ఆనందుడు మొదలైనవాళ్ళు ప్రవ్రజ్యకు వచ్చినప్పుడు, వాళ్ళ దగ్గర పనిచేసిన క్షురకుడు ఉపాలి కూడా వాళ్ళతో వచ్చాడు. ముందు ఉపాలికి దీక్ష ఇవ్వండి అని ఆ రాజకుమారులే అడిగారు. సంఘంలో ముందు దీక్ష తీసుకున్నవాడు పెద్ద. ఇక రోజూ తమ క్షురకుడికి తామే లేచి నిలబడి చేతులు జోడించి మొక్కాలి. శాక్యులమన్న పొగరు అణగాలని వాళ్ళంతట వాళ్ళే కోరుకున్నారు. ఆ ఉపాలే తర్వాత రాజగృహంలో జరిగిన మొదటి సంగీతిలో వినయమంతా చెప్పాడు. అంటే భిక్షువు ఎలా నడవాలి, ఎలా తినాలి, ఎవరికి ఎలా మొక్కాలి అన్న మర్యాదల పిటకం మొత్తం ఒక క్షురకుడి నోట వచ్చింది.

వంగడంలో రెండు రకాలున్నాయి మిత్రులారా. నా మెడ మీద ఇంకొకడు చెయ్యి వేసి వంచితే అది అణచివేత. నా మెడ నేనే వంచి నాలోని 'నేను'ను కిందపెడితే అది వందన. మంగళ సుత్తంలో బుద్ధుడు గౌరవాన్నీ అణకువనూ ఉత్తమ మంగళాల్లో చెప్పింది ఈ రెండో రకాన్ని. భిక్ష స్వీకరించాక థాయ్ భిక్షువులు పలికే ఆశీర్వాదంలో, పెద్దలను గౌరవించేవారికి ఆయుష్షూ వర్ణమూ సుఖమూ బలమూ పెరుగుతాయన్న ధమ్మపదం మాటే ఉంటుంది. అక్కడి పిల్లలు అది వింటూ పెరుగుతారు.

బాబాసాహెబ్‌ను చూడండి. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఆయన బుద్ధ ప్రతిమ ముందు చేతులు జోడించి మూడుసార్లు తల వంచారు, తెల్ల తామరలు సమర్పించారు. అదే రోజు ఇరవై రెండు ప్రతిజ్ఞలు చేయించి, తరతరాలుగా మన చేత మొక్కించిన వాటన్నిటికీ ఇక మొక్కబోమని లక్షలమంది చేత అనిపించారు. ఎక్కడ వంగకూడదో తెలిసిన మనిషే ఎక్కడ వంగాలో చూపించారు.

ఆ తర్వాత ఎనిమిది రోజులకే, అక్టోబరు 22న, థాయిలాండ్ రాజు భూమిబల్ సింహాసనం నుంచి దిగి, తల గొరిగించుకుని పదిహేను రోజులు భిక్షువుగా ఉన్నాడు. చెప్పుల్లేని కాళ్ళతో, పాత్ర పట్టుకుని భిక్షకు వెళ్ళాడు. ఎనిమిది రోజుల తేడాలో ఇక్కడ అంటరానివాళ్ళన్నవాళ్ళు తలెత్తారు, అక్కడ రాజు తల దించాడు. రెండూ ఒకే ధమ్మంలో జరిగాయి.

అక్కడివన్నీ ఒప్పుకోవాలా?

అక్కర్లేదు. ఈ మూడు ప్రశ్నలూ థాయ్ ఆచారాల మీద కూడా వెయ్యండి. కొన్ని నెగ్గవు. ఉత్తర థాయిలాండ్‌లో కొన్ని స్తూపాల లోపలి ఆవరణలోకి స్త్రీలను రానివ్వరు. భిక్షువును స్త్రీ తాకకూడదన్నది భిక్షువు తన నిగ్రహం కోసం పెట్టుకున్న నియమం, అర్థం చేసుకోవచ్చు. స్తూపం దగ్గరికే రావద్దనడం వేరు. మహాప్రజాపతి గౌతమికి తలుపు తెరిచిన ధమ్మంలో ఇది ఎలా ఇముడుతుందో నాకైతే తెలియదు. రాజు ముందు సాష్టాంగపడే పద్ధతిని 1873లో చులాలాంగ్‌కార్న్ రాజే అణచివేత అని రద్దు చేశాడు. తర్వాతి కాలంలో అది మళ్ళీ వచ్చింది. అంటే మనం వేసిన మూడో ప్రశ్న వాళ్ళ రాజే ఒకప్పుడు వేసుకున్నాడు.

గౌరవాన్ని చట్టంతో పిండటం మొదలుపెడితే అది క్రూరమవుతుంది. 2014లో శ్రీలంకలో, చేతి మీద బుద్ధుడి పచ్చబొట్టు ఉందని ఒక బ్రిటిష్ పర్యాటకురాలిని నిర్బంధించి వెనక్కి పంపేశారు. ఆమె బుద్ధుడి మీద ఇష్టంతోనే వేయించుకుంది. 2017లో ఆ దేశ సుప్రీంకోర్టే ఆమె హక్కులకు భంగం కలిగిందని పరిహారం ఇప్పించింది. బుద్ధుడి పేరున కరుణ తప్పితే, కాపాడింది ఏముంది?

మరి అతిథిగా వెళ్ళినవాళ్ళు ఏం చెయ్యాలి? నచ్చని చోట లోపలికి వెళ్ళకుండా బయట నిలబడండి. మన ఆడవాళ్ళను ఆపితే వాళ్ళతోపాటు మగవాళ్ళూ బయటే ఉండండి. అడిగితే నెమ్మదిగా మీ మాట చెప్పండి. వెక్కిరించకండి, వీడియో తీసి నలుగురికీ పంపకండి.

ఇంకో మాట, చెప్పక తప్పనిది

మన ఊళ్ళ నుంచి నాలుగు రాత్రులు, ఐదు పగళ్ళ ప్యాకేజీల్లో మగవాళ్ళు గుంపులుగా బ్యాంకాక్, పట్టాయా వెళ్తున్నారు. వాట్ ఫోలో పడుకున్న బుద్ధుణ్ణి చూస్తారు. నలభై ఆరు మీటర్ల పొడవు. ఆయన అరికాళ్ళ మీద నూట ఎనిమిది మంగళ చిహ్నాలు ముత్యపు చిప్పతో పొదిగారు. అక్కడ చెప్పులు విప్పుతారు, మూడుసార్లు మొక్కుతారు. రాత్రికి పట్టాయాలో తాగి, ఒక పేదింటి ఆడపిల్లతో బేరమాడతారు. ఉదయం పాటించిన మర్యాద రాత్రి ఏమైంది?

పంచశీలలో మూడోదీ ఐదోదీ విమానం ఎక్కగానే రద్దు కావు. విగ్రహం వైపు కాలు చాపితే థాయ్ వాళ్ళు బాధపడతారు. వాళ్ళ ఆడపిల్లను వస్తువులా చూస్తే ఇంకా ఎక్కువ బాధపడతారు, బతుకుదెరువు కోసం పైకి నవ్వినా సరే. సిగాలుడికి చెప్పిన ఆరు దిక్కుల్లో పనిచేసేవాళ్ళదీ ఒక దిక్కు. హోటల్లో గది ఊడ్చే ఆమె, పడవ నడిపే అతను, రోడ్డు పక్కన నూడుల్స్ వండే ముసలావిడ, వీళ్ళందరూ ఆ దిక్కే. వాళ్ళకు ముందుగా చేతులు జోడిస్తే మీ పరువేం పోదు. మర్యాద పుస్తకంలో రాయని అసలు మర్యాద ఇదే.

పాదాల దగ్గరికి తిరిగి వద్దాం

అరికాళ్ళ మీద చిహ్నాలు చెక్కడం ఎక్కడి పద్ధతి అనుకున్నారు? అమరావతిలో తొలినాటి శిల్పులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కలేదు. ఖాళీ సింహాసనం, బోధివృక్షం, రెండు పాదముద్రలు చెక్కారు. పలనాటి సున్నపురాయి మీద చక్రమూ స్వస్తికమూ తీర్చిన ఆ పాదాలు ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. తర్వాత ప్రతిమలు వచ్చాయి. అల్లూరులో దొరికిన నిలువెత్తు బుద్ధుడు విజయవాడ బాపు మ్యూజియంలోనే ఉన్నాడు, ఒక పూట వెళ్ళి చూడండి. ఈ అమరావతి శైలి జాడలు ఆగ్నేయాసియాలోని తొలి బుద్ధ ప్రతిమల్లో పండితులు గుర్తించారు. మనం పంపించి మరిచిపోయినదాన్ని వాళ్ళు దాచిపెట్టుకున్నారు.

2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర జరిపినప్పుడు దేశదేశాల నుంచి బౌద్ధులు వచ్చారు. ఇప్పటికీ థాయ్, శ్రీలంక, బర్మా భిక్షువులు అమరావతికి, నాగార్జునకొండకు వస్తుంటారు. అప్పుడు ఆతిథ్యం ఇచ్చేది మనం. వాళ్ళ భుజం మీద చెయ్యేసి సెల్ఫీ అడగకండి. పన్నెండు దాటకముందే భోజనం పెట్టండి. స్తూపం ఇటుకల మీద కూర్చుని జామకాయలు తినే మన పిల్లలకు, అది ఎవరి చోటో నెమ్మదిగా చెప్పండి.

ఆ తమ్ముడికి ఇదీ మా జవాబు. తమ్ముడూ, మీ తాత చెప్పులు ఇంకొకరు విప్పించారు. ఆ వీధిలో నువ్వు చెప్పులేసుకునే నడువు, తల ఎత్తుకునే నడువు. అది కూడా ధమ్మమే. విహారం గడప దగ్గర మాత్రం నీ చెప్పులు నువ్వే విప్పుకో. ఎవరూ చెప్పకముందే, నీ ఇష్టంతో. నీ పక్కన ఎవరి చెప్పులున్నాయో చూడు. ధనవంతుడివీ కూలీవీ కలిసే ఉంటాయి. వాటి పక్కన నీవి జాగ్రత్తగా సర్దిపెట్టి లోపలికి వెళ్ళు.

భవతు సబ్బ మంగళం.